అమ్మకి నాలుగో స్టేజ్ రొమ్ము క్యాన్సర్, ఈఎఫ్ 35. కీమో కుదరదంటున్నారు. ఇంకేమైనా దారి ఉందా?

మున్నేటి ఒడ్డు
మాది ఖమ్మం దగ్గర పల్లె. అమ్మకి 62. 2019లో గుండెపోటు వస్తే ఒక స్టెంట్ వేశారు. ఎడమ రొమ్ములో గడ్డ ఏడాది నుంచీ ఉందట, మాకెవరికీ చెప్పలేదు. నడుము నొప్పితో మంచం దిగలేని స్థితికి వచ్చాక స్కాన్ తీయిస్తే వెన్నుపూసలకీ తుంటికీ పాకిందని తేలింది.

హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఎకోలో (గుండె స్కాన్) ఈఎఫ్ 35 వచ్చింది, అంటే గుండె ఒక్కో దెబ్బకి తనలోని రక్తంలో 35 శాతమే బయటికి తోస్తోందట. క్యాన్సర్ డాక్టర్ ఫైలు అటూ ఇటూ తిప్పి "ఈ గుండె కీమో తట్టుకోదమ్మా, ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి" అన్నారు. గుండె డాక్టర్ని అడిగితే "వాళ్లు ఏ మందు ఇస్తారో రాసిస్తే నేను ఫిట్‌నెస్ చెప్తా" అన్నారు. మళ్లీ పైకి వెళ్తే "ఫిట్‌నెస్ తెస్తే అప్పుడు చూద్దాం". మూడో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ నాలుగుసార్లు తిరిగాను. ఐదోసారి లిఫ్టులోనే ఏడుపొచ్చింది.

నిజంగా ఏమీ లేదా? ఇలాంటి కేసు ఎవరింట్లోనైనా ఉంటే చెప్పండి.

ఉప్పులేనిపప్పు
నాకూ ఈఎఫ్ 40. క్యాన్సర్ గురించి తెలీదు కానీ లిఫ్టు సంగతి బాగా తెలుసు.

లక్ష్మణ_వైద్యం
అక్కా భయపడకండి, లక్ష్మణఫలం ఆకుల కషాయం 45 రోజులు తాగిస్తే గడ్డలు కరిగిపోతాయి. కీమో కన్నా పది వేల రెట్లు పవర్. పొడి మా దగ్గరుంది, ఇన్‌బాక్స్ చేయండి.

నర్సమ్మ రిటైర్డ్
పొడి సంగతి తర్వాత చూద్దాం, ముందు మున్నేటమ్మా, బయాప్సీ చేశారు కదా. దాంతోపాటు ఐహెచ్‌సీ అని ఇంకో కాగితం ఇచ్చి ఉంటారు. అందులో ఈఆర్, పీఆర్, హర్2 అని మూడు లైన్లుంటాయి. మొదటి రెండూ గడ్డ హార్మోన్లతో పెరిగే రకమా అని, మూడోది హర్2 అనే ప్రొటీన్ ఎక్కువున్న రకమా అని చెప్తాయి. వాటి ఎదురుగా ఏం రాసి ఉందో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టు. అమ్మ పేరు, ఆస్పత్రి పేరు పెట్టకు. ఆ మూడు లైన్లు తెలీకుండా ఇక్కడ ఎవరు ఏం చెప్పినా చీకట్లో బాణమే.

బెజవాడ మావయ్య
మా ఆవిడ కేసు చెప్తాను. గుండె పాడైనా మందు నడిచిన కేసే. ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షను 21 రోజులకోసారి ఎక్కించేవాళ్లు. మొదలెట్టేటప్పుడు ఈఎఫ్ 60, మూడో నెల ఎకోలో 44. మాకు కాళ్లు చల్లబడ్డాయి. డాక్టరమ్మ మాత్రం తొణకలేదు. ఇంజెక్షను ఆపి, కార్వెడిలాల్, రామిప్రిల్ అని గుండె మందులు పెట్టారు. ఏడు వారాల తర్వాత ఎకోలో 53. మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పటికి రెండున్నరేళ్లు, మొన్న మా మేనకోడలి పెళ్లిలో వడ్డనలు కూడా చేసింది. కాబట్టి గుండె వీక్ అనగానే అంతా అయిపోయినట్టు కాదు. మీ డాక్టర్ని ఆ ఇంజెక్షను గురించి అడగండి.

రెండో రౌండ్
మావయ్యగారూ, ఆ ఇంజెక్షను హర్2 పాజిటివ్ వాళ్లకే. ఆవిడది ఏ రకమో ఇంకా తెలీదు. అన్ని తాళాలకీ ఒకే చెవి పట్టదు.

బెజవాడ మావయ్య
నిజమే, ఆ ముక్క రాయడం మర్చిపోయాను. మా ఆవిడది హర్2 పాజిటివే.

మోడరేటర్
లక్ష్మణ_వైద్యం గారి తర్వాతి రెండు పోస్టులు, ఫోన్ నంబరు తీసేశాం. ఇక్కడ మందులమ్మడం కుదరదు. ఇది రెండోసారి.

మిర్చిబజ్జి77
పది వేల రెట్లు అని ఎవరు తూచారో పాపం, ఏ కాటాతోనో.

రెండో రౌండ్
జోకు కాదు, ఆ ఆకులు వద్దు. ఆ చెట్టులో అన్నోనాసిన్ అనే పదార్థం ఉంటుంది, నరాలకి విషం. దాన్ని ఏళ్ల తరబడి తిన్న కరీబియన్ దీవుల్లో పార్కిన్సన్స్ లాంటి జబ్బు కనబడింది. పైగా గుండె మందులు వాడే మనిషి.

నా సంగతి కూడా చెప్తాను. నేనే పేషంటుని, 2016లో మొదటిసారి, 2021లో ఊపిరితిత్తుల్లో మళ్లీ. మొదటిసారి "ఎర్ర మందు" పడింది, అదే ఎడ్రియామైసిన్. సీసాలో రూహ్ అఫ్జాలా ఉంటుంది, ఆ తర్వాత నేను రూహ్ అఫ్జా మానేశాను. ఆ మందుకి జీవితకాలం లెక్క ఉంటుంది, ఒంటి కొలతని బట్టి మొత్తం ఇంతకి మించి ఎక్కించకూడదని. అది గుండె కండరాన్ని కొడితే చాలావరకు తిరిగి రాదు. మావయ్యగారు చెప్పిన ట్రాస్టుజుమాబ్ దెబ్బ అలా కాదు, ఆపితే ఎక్కువమందిలో కోలుకుంటుంది. రెంటినీ కలిపి "కీమో గుండెకి పడదు" అని ఒకే మాటలో తేల్చేస్తారు, అక్కడే జనం మోసపోతారు. మీ అమ్మగారి డాక్టర్ వద్దన్నది ఈ ఎర్ర మందే అయితే ఆయన సరిగ్గానే చెప్పారు. కానీ ఉన్నది అదొక్కటే కాదు.

ఐదో వార్డు
అందరూ ఆశ పెడుతున్నారు, నేను రెండో వైపు చెప్తాను. తిట్టుకుంటే తిట్టుకోండి. మా నాన్నకి ఊపిరితిత్తుల క్యాన్సర్, గుండె కూడా అంతంతే. ఆయన వద్దన్నా నేనే బలవంతంగా కీమో చేయించాను. ఆఖరి మూడు నెలల్లో డెబ్బై రోజులు వార్డులోనే ఉన్నాడు. ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటానని అడిగాడు, అది కూడా కుదరలేదు. ఆ డాక్టర్ ఇంటికి తీసుకెళ్లమన్నది చెడ్డ మాట కాకపోవచ్చు.

నర్సమ్మ రిటైర్డ్
ఐదో వార్డు బాబూ, నిన్నెవరూ తిట్టరు. కానీ ఆ మాట చివరికి చెప్పాల్సింది, కాగితం చదవకుండా మొదట్లోనే చెప్పేది కాదు. పైగా ఇంటికి తీసుకెళ్లమన్నాయన నొప్పికి ఏం రాశాడు? మున్నేటమ్మా, అమ్మకి నొప్పి మందు ఏం నడుస్తోంది?

మున్నేటి ఒడ్డు
నిన్న నెట్‌వర్క్ లేదు. రిపోర్టు దొరికింది, సీటీ స్కాన్ కవర్లో అడుగున ఉంది. రాసింది ఇదీ:
ఈఆర్ పాజిటివ్, 8/8. పీఆర్ పాజిటివ్, 6/8. హర్2 నెగటివ్, స్కోరు 1+.
కేఐ67 (కణాలు ఎంత జోరుగా పెరుగుతున్నాయో చెప్పే అంకె అట) 20 శాతం.

నొప్పికి డైక్లోఫెనాక్ రాశారు, రోజుకి రెండు. గుండెకి ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ (రెండూ రక్తం గడ్డకట్టకుండా), అటోర్వాస్టాటిన్, కాళ్లు వాచినప్పుడు లాసిక్స్. 2019 నుంచీ అవే.

నర్సమ్మ రిటైర్డ్
ముందు ఆ డైక్లోఫెనాక్ ఆపించు, రేపే మీ ఊరి డాక్టర్ని కలువు. గుండె వీక్‌గా ఉన్న మనిషికి అది ఒంట్లో నీరు నిలబెడుతుంది, కిడ్నీ మీద పడుతుంది. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిస్తే కడుపులో రక్తం కారే ప్రమాదం కూడా. పారాసెటమాల్ చాలకపోతే ట్రమడాల్, అదీ చాలకపోతే మార్ఫిన్. మార్ఫిన్ అంటే చావు మందు అనుకోకు, నొప్పి మందు. రెడ్ హిల్స్ ఎంఎన్‌జేలో పాలియేటివ్ విభాగం (నొప్పి, బాధ తగ్గించేది) ఉంది, వాళ్లకి ఇది రోజూ పని.

ఇంక రిపోర్టు సంగతి రెండో రౌండ్ చెప్తుంది, నా కంటే బాగా.

రెండో రౌండ్
అక్కా, ఈ కాగితం మొదటిరోజే ఎవరైనా చదివి ఉంటే మీరు లిఫ్టులో ఏడవక్కర్లేదు.

ఈఆర్ 8/8 అంటే ఆ గడ్డ ఈస్ట్రోజెన్ తిని బతుకుతోంది. ఇలాంటి నాలుగో స్టేజ్‌లో, కాలేయమో ఊపిరితిత్తులో ఉన్నట్టుండి చేతులెత్తేసే పరిస్థితి లేకపోతే, మొదటి వైద్యం అసలు కీమో కాదు. గుండె గట్టిగా ఉన్న మనిషికైనా కాదు. బిళ్లలు. ఒంట్లో ఈస్ట్రోజెన్ తగ్గించే లెట్రోజోల్ రోజుకొకటి, దానికి తోడు క్యాన్సర్ కణాలు పెరగకుండా అడ్డుకునే సీడీకే మందులు అంటారు, మూడున్నాయి: పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్. నేను నాలుగేళ్లుగా బతుకుతున్నది ఈ బిళ్లల మీదే. స్కూల్లో పాఠాలు చెప్తున్నాను, నిన్న ఏడో తరగతి పేపర్లు దిద్దాను. (దిద్దుతుంటే వచ్చిన బీపీ క్యాన్సర్‌కి రాలేదు.)

"కీమో తట్టుకోదు" అన్నది అబద్ధం కాదు. అసలు అడగాల్సిన ప్రశ్నే అది కాదు.

మిర్చిబజ్జి77
హర్2 1+ అంటే కొంచెం పాజిటివా?

రెండో రౌండ్
0, 1+ నెగటివ్ కింద లెక్క. 3+ పాజిటివ్. 2+ వస్తే ఫిష్ అనే ఇంకో పరీక్ష చేసి తేలుస్తారు. మెనూలోది కాదు.

న్యూజెర్సీ నాని
1+ కూడా ఇప్పుడు పనికొస్తుంది. "హర్2 లో" (low, అంటే తక్కువ) అంటారు. 2022 నుంచి ఇక్కడ ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ దీనికి కూడా ఇస్తున్నారు. ఇంకా పీఐకే3సీఏ, ఈఎస్ఆర్1, బీఆర్‌సీఏ అనే జన్యు టెస్టులన్నీ చేయించండి. కార్డియో ఆంకాలజీ క్లినిక్‌లో (క్యాన్సర్ పేషంట్ల గుండె చూసేది) చూపించండి, ఇక్కడ మా ఊళ్లోనే రెండున్నాయి.

ఉప్పులేనిపప్పు
నానీ, వాళ్ల ఊళ్లో ఏటీఎం కూడా వారానికి రెండు రోజులే పనిచేస్తుంది.

బెజవాడ మావయ్య
ఆ మందు మీద 2024 బడ్జెట్లో కస్టమ్స్ సుంకం తీసేశారు. అయినా లక్షల్లోనే. అది తర్వాతెప్పుడో వచ్చే మెట్టు, ఇప్పటిది కాదు. నాని చెప్పింది తప్పు కాదు, వరస తప్పు.

న్యూజెర్సీ నాని
ఒప్పుకుంటాను. మా అమ్మ కూడా తెనాల్లోనే ఉంటుంది, ఇక్కడి నుంచి ఆవిడకి సలహాలిచ్చినా ఇలాగే తిట్లు తింటాను. ఒక్కటి మాత్రం పట్టించుకోండి. రైబోసిక్లిబ్ ఈసీజీలో క్యూటీ అనే దూరాన్ని పెంచుతుంది. మిగతా రెండింటితో ఆ భయం అంతగా లేదు. అబెమాసిక్లిబ్‌తో విరేచనాలు, కాళ్లల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం. పాల్బోసిక్లిబ్‌తో తెల్ల కణాలు తగ్గుతాయి.

పాత ఈసీజీ
నా పేరు వినబడితే వచ్చాను. ఈసీజీ టెక్నీషియన్ని, ఇరవై రెండేళ్ల సర్వీసు. క్యూటీ అంటే గుండె ఒకసారి కొట్టాక మళ్లీ సర్దుకోవడానికి పట్టే టైమనుకోండి. అది మరీ సాగితే లయ తప్పి మనిషి ఉన్నపళంగా పడిపోవచ్చు. రైబో మొదలుపెట్టే వాళ్లకి ముందొక ఈసీజీ, 14వ రోజు ఇంకోటి తీస్తాం. గుండె ఇంత వీక్‌గా ఉన్నవాళ్లకి అది సాధారణంగా రాయరు.

రాయకపోయినా క్యూటీ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే అది పెంచే మందులు మన ఊరి మెడికల్ షాపులోనే ఉన్నాయి. వాంతులకిచ్చే ఆండాన్‌సెట్రాన్, డోంపెరిడోన్, దగ్గుకి ఊరికే ఇచ్చేసే అజిత్రోమైసిన్. లాసిక్స్ వల్ల పొటాషియం తగ్గితే ఇంకా కష్టం. ఎవరు ఏ బిళ్ల ఇచ్చినా ముందు మీ లిస్టు చూపించండి.

నర్సమ్మ రిటైర్డ్
ఇంకో విషయం ఎవరూ అడగట్లేదు. ఈఎఫ్ 35 ఉన్న మనిషికి 2019 నుంచి అవే మందులా? బీటా బ్లాకర్ లేదు, సాకుబిట్రిల్ వాల్సార్టాన్ గానీ రామిప్రిల్ గానీ లేదు, స్పైరొనోలాక్టోన్ లేదు, డాపాగ్లిఫ్లోజిన్ లేదు. గుండె వైఫల్యానికి ఈ నాలుగు రకాలూ కలిపి ఇవ్వడం ఇప్పుడు మామూలు. బీపీ, కిడ్నీ చూసుకుంటూ మెల్లగా పెంచుతారు. 35 అన్నది రాతి మీద రాసిన అంకె కాదమ్మా, సరైన మందు పడితే పెరగొచ్చు. గుండె డాక్టర్ని "ఫిట్‌నెస్ ఇస్తారా" అని అడగకు, "గుండెకి పూర్తి మందులు మొదలెట్టండి" అని అడుగు.

మున్నేటి ఒడ్డు
ఇవన్నీ చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు, ఈసారి వేరే కారణానికి. డైక్లో ఆపాం. ట్రమడాల్‌తో కాస్త కూర్చోగలుగుతోంది.

రెండు ప్రశ్నలు. ఎక్కడికి వెళ్లాలి? ఆ ప్రైవేట్ ఆస్పత్రికి మళ్లీ వెళ్లను. రెండోది, అమ్మకి క్యాన్సర్ అని చెప్పలేదు. ఎముకలు అరిగాయి, కాల్షియం తక్కువ అని చెప్పాం. చెప్తే గుండె ఆగిపోతుందని అన్నయ్య భయం.

రెండో రౌండ్
మొదటిదానికి: నిమ్స్‌లో కార్డియాలజీ, మెడికల్ ఆంకాలజీ ఒకే ఆవరణలో ఉన్నాయి, మీకు అదే నయం అనిపిస్తోంది. ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి, బసవతారకం కూడా ఉంది. ఎక్కడైనా "ట్యూమర్ బోర్డులో పెట్టండి" అని అడగండి, అంటే నలుగురు డాక్టర్లు ఒకేచోట కూర్చుని ఫైలు చూస్తారు. మీరు లిఫ్టు ఎక్కే పని తప్పుతుంది. వెళ్లలేకపోతే టాటా మెమోరియల్ వాళ్ల తరఫున నవ్య అనే ఆన్‌లైన్ సర్వీసు ఉంది, రిపోర్టులు పంపిస్తే నిపుణుల అభిప్రాయం రాసి ఇస్తారు.

బెజవాడ మావయ్య
డబ్బు సంగతి: ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకెళ్లండి, తెలంగాణలో పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలు చేశారు. ప్రతి బిళ్లా అందులో రాదు, ఆరోగ్యమిత్రని అడిగి రాయించుకోండి. పాల్బోసిక్లిబ్ మీద పేటెంటు 2023 జనవరిలో అయిపోయింది, ఇప్పుడు మన కంపెనీలు చాలా చేస్తున్నాయి, ధర బాగా దిగింది. అట్ట మీది ఎంఆర్‌పీ చూసి గుండె పట్టుకోకండి (ఇప్పటికే ఉన్నది చాలు), అందులో సగానికన్నా తక్కువకి కూడా ఇస్తారు. మూడు షాపులు తిరగండి.

ఐదో వార్డు
రెండోదానికి నేను చెప్తాను. చెప్పండి. మా నాన్నకి చెప్పకుండా దాచాను కాబట్టే ఆయన వద్దన్న మాటకి విలువ ఇవ్వలేదు. "ఏమీ తెలీకుండా వద్దంటున్నాడు" అనుకున్నాను. ఆయనకి అంతా తెలుసు. వార్డులో పక్క బెడ్ ఆయన చెప్పాడట, మొదటి వారంలోనే.

బిళ్లలతో అయ్యే పని అయితే నా ముందు మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాకు కీమో ఒక్కటే తెలుసు.

ఉప్పులేనిపప్పు
ఏడాది గడ్డ దాచిన మనిషికి అది ఏమిటో తెలీదని మీరు అనుకుంటున్నారా?

మిర్చిబజ్జి77
పప్పుగారు ఉప్పు లేకుండానే బాగా మాట్లాడతారు.

మున్నేటి ఒడ్డు
అక్కడా ఇక్కడా తిరిగి ఏడు వారాలైంది, రాయడం ఆలస్యమైంది.

శాతవాహన రైల్లో హైదరాబాద్ వెళ్లాం. ఈసారి ఒక పెద్ద ఆస్పత్రిలో క్యాన్సర్ డాక్టరమ్మ మా ముందే గుండె డాక్టర్‌కి ఫోన్ చేసింది. రెండు నిమిషాల ఫోను. దానికోసం నేను నెల తిరిగాను. లెట్రోజోల్, పాల్బోసిక్లిబ్ రాశారు. పాల్బో 21 రోజులు వేసి 7 రోజులు ఆపాలి. 15వ రోజు రక్తపరీక్షలో తెల్ల కణాలు పడిపోయాయి, వారం ఆపి డోసు 125 నుంచి 100కి తగ్గించారు. ఎముకలకి జోలెడ్రోనిక్ ఇంజెక్షను, అది ఇచ్చే ముందు పళ్ల డాక్టర్‌కి చూపించమన్నారు. రెండు పుచ్చుపళ్లు తీయించి, పుండు మానాకే ఇచ్చారు. తర్వాత పన్ను పీకితే దవడ ఎముక మానకపోవచ్చట. నడుముకి ఐదు రోజులు రేడియేషన్ ఇచ్చారు, నొప్పి సగం తగ్గింది.

గుండెకి నాలుగు రకాలూ మొదలెట్టారు నర్సమ్మగారూ. మొదట్లో బీపీ పడిపోయి కళ్లు తిరిగాయి, డోసు సర్దారు. పోయినవారం ఎకోలో 41.

నయం కాదని, అదుపులో ఉంచుతామని డాక్టరమ్మ స్పష్టంగా చెప్పింది. అమ్మ ఎదురుగానే చెప్పింది. అన్నయ్య బయటికెళ్లిపోయాడు. అమ్మ మాత్రం "నాకు తెలుసులేమ్మా, మా పిన్నికీ ఇదే" అంది. తర్వాత డాక్టరమ్మని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, పంపరపనస తినొచ్చా అని. మా పెరట్లో చెట్టుంది.

మిర్చిబజ్జి77
తినొచ్చా మరి?

మున్నేటి ఒడ్డు
వద్దన్నారు! ఆ పండు ఈ బిళ్ల ఒంట్లోంచి పోకుండా అడ్డుపడి, రక్తంలో మందు ఎక్కువైపోతుందట. క్యాన్సర్ అన్నప్పుడు ఏడవలేదు, దీనికి మూతి ముడుచుకుంది.

న్యూజెర్సీ నాని
ఇక్కడ గ్రేప్‌ఫ్రూట్ అని రాస్తారు మందు కాగితం మీద. మనవాళ్లకి అది పంపరపనస జాతి అని ఎవరూ చెప్పరు. మంచి ప్రశ్న అడిగారు అమ్మగారు.

రెండో రౌండ్
బత్తాయి పెట్టండి, దానికి ఇబ్బంది లేదని మా డాక్టర్ చెప్పారు. జ్వరం 100.4 దాటితే మాత్రం పొద్దున్నదాకా ఆగొద్దు, అదే రాత్రి ఆస్పత్రికి వెళ్లండి. తెల్ల కణాలు తక్కువున్నప్పుడు చిన్న జ్వరం కూడా చిన్నది కాదు.

నర్సమ్మ రిటైర్డ్
41. నాకిక్కడ కళ్లద్దాలు మసకబారాయి. రోజూ పొద్దున్నే బరువు చూసి పుస్తకంలో రాయి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి కాదు, నీరు. మళ్లీ ఎకో ఎప్పుడు?

మున్నేటి ఒడ్డు
వచ్చే నెల 14న. టోకెన్ పొద్దున్నే ఇస్తారు, ముందురోజే వచ్చి ఎక్కడైనా ఉండాలి.

పాత ఈసీజీ
మా ఇల్లు నాంపల్లిలోనే. కింద గది ఖాళీగా ఉంది, మెట్లెక్కే పని లేదు. మా ఆవిడ ఇడ్లీ చేస్తుంది, ఉప్పు తక్కువతో. మెసేజ్ పెట్టండి.

ఉప్పులేనిపప్పు
ఉప్పు తక్కువైతే నన్ను కూడా పిలవండి.